మావయ్య గారు వైఫై పాస్‌వర్డ్ అందరికీ ఇచ్చేశారు, ఇప్పుడు ఎలా సర్దాలి?

భీమవరం కోడలు

అందరికీ నమస్కారం. మాది భీమవరం. కింద మేము ఉంటాం, మేడ మీద రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి నేను ఇంటి నుంచే జీతాల లెక్కలు చూస్తాను. అంటే నా ల్యాప్‌టాప్‌లో చాలామంది బ్యాంకు ఖాతాల వివరాలు, పాన్ నంబర్లు ఉంటాయి. అందుకే ఈ విషయం నాకు చిన్నదిగా అనిపించడం లేదు.

ఇంటికి 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. వీధి గుమ్మం పక్క నుంచి వైరు లాగి, హాల్లో టీవీ స్టాండ్ వెనకాల బాక్సు పెట్టి వెళ్లారు. పెట్టిన అబ్బాయే మా మావయ్య గారి ఫోన్ నంబరుని పాస్‌వర్డ్‌గా వేశాడు, గుర్తుంటుందని. మావయ్య గారు చాలాకాలం రొయ్యల మేత వ్యాపారం చేశారు, ఆ నంబరు ఊళ్లో చాలామంది దగ్గర ఉంది. పైగా ఆయనది పెట్టే చెయ్యి. ఇంటికొచ్చినవాళ్లు మంచినీళ్లు అడిగితే ఎలా ఇస్తారో, వైఫై కూడా అలాగే ఇస్తారు. మేడ మీద రెండు కుటుంబాలు, ఎదురుగా టైలర్ షాపు, ఏసీ బాగుచేయడానికి వచ్చినతను, అందరి ఫోన్లలోనూ మా వైఫై ఉంది. వాళ్లంతా మంచివాళ్లే, నేను ఎవరినీ అనుమానించడం లేదు.

కానీ సాయంత్రం మీటింగుల్లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని అంటున్నారు. నేను కూర్చునే వెనక గదిలో సిగ్నల్ ఎప్పుడూ ఒకటి రెండు గీతలే. ఇవన్నీ ఓర్చుకున్నాను. మొన్న మాత్రం నిజంగా టెన్షన్ వచ్చింది. పెరట్లో తిరిగే కెమెరా ఒకటి ఉంది, బావి వైపు చూసేలా పెట్టుకున్నాం. పొద్దున లేచి చూస్తే అది మా పడకగది కిటికీ వైపు తిరిగి ఉంది. ఇంట్లో ఎవరిని అడిగినా తిప్పలేదనే అన్నారు. పిల్లలు కూడా ముట్టుకోలేదు.

బాక్సు సెట్టింగ్స్ తెరుద్దామంటే లాగిన్ మా దగ్గర లేదు. కనెక్షన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే, "మీకెందుకు మేడమ్, ఏదైనా ఉంటే మేమే మారుస్తాం" అంటున్నారు. మా తమ్ముడేమో వైఫై పేరు కనిపించకుండా దాచేస్తే సరిపోతుందంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? మావయ్య గారి మనసు నొచ్చుకోకుండా ఎలా చెయ్యాలి?

విశాఖ, గాజువాక

మీ తమ్ముడు చెప్పింది చెయ్యొచ్చండి. నేను మా ఇంట్లో పేరు దాచేశాను. దాంతోపాటు మ్యాక్ ఫిల్టర్ పెట్టాను, అంటే మన ఫోన్ల మ్యాక్ అడ్రసులు (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) మాత్రం జాబితాలో వేసి మిగతావాటిని రానివ్వకుండా చెయ్యడం. పాస్‌వర్డ్ తెలిసినా కలవదు. నాకైతే ఇబ్బంది రాలేదు.

వరంగల్, కాలేజీ ల్యాబు

అమ్మా, కాలేజీలో ల్యాబులు, హాస్టల్ వైఫై చూసుకోవడం నా ఉద్యోగం. మీరు చెప్పినదంతా చదివాక నాకు తోచింది ఒకటే. మీ మావయ్య గారు ఇవ్వడం మానక్కర్లేదు. ఆయన నలుగురికీ ఇచ్చే పాస్‌వర్డు వేరు, మీ ఇల్లు వాడుకునే పాస్‌వర్డు వేరు అయ్యేలా చూడండి. పెద్దాయనను "ఇవ్వకండి" అని కట్టడి చేసే ఏ ఏర్పాటూ నెల రోజులు నిలవదు. ఆయన నిశ్చింతగా ఇవ్వగలిగే ఏర్పాటు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ముందు గాజువాక మిత్రుడి సలహా గురించి. పేరు దాచడం వల్ల పెద్ద రక్షణ ఏమీ ఉండదు. వెతకడం తెలిసినవాడికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో ఆ పేరు కనిపిస్తుంది. పైగా దాచిన పేరుని వెతుక్కోవడానికి మీ ఫోన్ బయట ఎక్కడికెళ్లినా ఆ పేరుని తనే గాల్లోకి పంపుతూ ఉంటుంది. మ్యాక్ అడ్రసులు కూడా గాల్లో బాహాటంగానే వెళ్తాయి, వాటిని చూసి నకలు చెయ్యడం కష్టం కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆండ్రాయిడ్ 10, ఐఫోన్లలో ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోన్లు అసలు మ్యాక్ బదులు మారుపేరు లాంటి మ్యాక్ చూపిస్తున్నాయి. కొత్త ఫోన్ కొన్నా, నెట్‌వర్క్‌ని మరిచిపొమ్మని మళ్లీ కలిపినా మీ జాబితా తేడా కొట్టవచ్చు. అప్పుడు ఇంట్లోవాళ్లే బయట ఉండిపోతారు, వాళ్లకు మీరే జవాబు చెప్పుకోవాలి.

ఇప్పుడు అసలు పని. బాక్సుకి రెండు పాస్‌వర్డులు ఉంటాయి. ఒకటి వైఫైకి కలవడానికి. రెండోది అడ్మిన్ పాస్‌వర్డు, బాక్సు సెట్టింగ్స్ మార్చడానికి. అందరూ మొదటిది మారుస్తారు, రెండోది ముట్టుకోరు. అది చాలాసార్లు బాక్సు అడుగున స్టిక్కర్ మీద ఉన్నదే ఉండిపోతుంది. మీ వైఫైకి కలిసిన ఎవరైనా బ్రౌజర్‌లో 192.168.1.1 అనో 192.168.0.1 అనో కొట్టి ఆ పేజీ తెరవొచ్చు. అక్కడ అడ్మిన్ పాస్‌వర్డు మారకుండా ఉంటే ఇంటి నెట్‌వర్క్ మొత్తం వాళ్ల చేతిలోకి వెళ్లినట్టే. కాబట్టి కనెక్షన్ ఇచ్చినవాళ్లని మర్యాదగానే, గట్టిగా అడగండి: "కస్టమర్ లాగిన్ కావాలి". ఇస్తారు. ఇవ్వకపోతే దిగులు లేదు, వేరే దారి ఉంది.

ఆ వేరే దారినే నేను మీకు ఎక్కువగా సిఫార్సు చేస్తాను. సొంతంగా ఒక డ్యూయల్ బ్యాండ్ రూటర్ కొనండి, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో బ్యాండ్ల మీదా వైఫై ఇచ్చే బాక్సు. రెండు మూడు వేలలో మంచివే వస్తున్నాయి. కొనేటప్పుడు మూడు విషయాలు చూడండి: డబ్ల్యూపీఏ3 (వైఫైకి తాళం వేసే కొత్త పద్ధతి, దానికి ముందుది డబ్ల్యూపీఏ2) ఉండాలి, గెస్ట్ నెట్‌వర్క్ (అతిథులకు వేరే వైఫై) ఉండాలి, ఆ కంపెనీ ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇస్తూ ఉండాలి. మీ ఫైబర్ బాక్సులోని లాన్ పోర్టు (ఇంట్లోకి నెట్ ఇచ్చేది) నుంచి ఒక కేబుల్ తెచ్చి కొత్త రూటర్ వాన్ పోర్టులో (బయటి నెట్ తీసుకునేది) పెట్టండి. పాత బాక్సులో వైఫై ఆపించెయ్యండి, ఆ ఒక్క పని ఫోన్ చేస్తే వాళ్లే చేస్తారు. ఇలా ఒక రూటర్ వెనక ఇంకో రూటర్ పెడితే మీటింగులకు, ఆఫీసు వీపీఎన్‌కు (ఆఫీసు నెట్‌వర్క్‌కి భద్రంగా కలిపే దారి) మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు. ఆన్‌లైన్ గేములు ఆడేవాళ్లకే అప్పుడప్పుడు చిక్కు వస్తుంది.

కొత్త రూటర్‌లో రెండు పేర్లు పెట్టండి. ఒకటి ఇంటికి: మీ ల్యాప్‌టాప్, ఇంట్లోవాళ్ల ఫోన్లు, టీవీ. రెండోది గెస్ట్. అందులో "ఏపీ ఐసొలేషన్" లాంటి ఆప్షన్ ఉంటుంది. అది ఆన్ చేస్తే గెస్ట్‌లో ఉన్నవాళ్లకు ఇంటర్నెట్ వస్తుంది గానీ, ఒకరి పరికరం ఇంకొకరికి కనిపించదు, మీ ఇంటి పరికరాలు అసలే కనిపించవు. చాలా రూటర్లలో గెస్ట్‌కి స్పీడు హద్దు కూడా పెట్టొచ్చు. 100లో 20 గెస్ట్‌కి వదిలి మిగతాది ఇంటికి ఉంచుకుంటే సాయంత్రం మీటింగుల గొడవ చాలావరకు అక్కడే తీరుతుంది. టీవీని మాత్రం గెస్ట్‌లో వెయ్యకండి, ఫోన్‌లో వీడియో టీవీ మీదకి పంపడం కుదరదు. అలా చేసి ఇంట్లో గొడవలైన ఇళ్లు నాకు తెలుసు.

పాస్‌వర్డు గురించి కాస్త వివరంగా చెప్తాను, ఇది ముఖ్యం. డబ్ల్యూపీఏ2లో ఫోన్ రూటర్‌కి కలిసే క్షణంలో రెండింటి మధ్య కొన్ని సందేశాలు నడుస్తాయి. వీధిలో నిలబడి వాటిని పట్టుకుంటే చాలు, ఆ తర్వాత మీ ఇంటి దగ్గరకు రావాల్సిన పనే లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో పాస్‌వర్డూ వేసి సరిపోతుందో లేదో చూసుకోవచ్చు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి కాబట్టి మొత్తం 400 కోట్లకు మించి ఉండవు. వినడానికి పెద్ద సంఖ్యే. మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి ఉంటే గంటల్లో అన్నీ అయిపోతాయి. నంబరు ముందే తెలిసినవాడికి ఆ కష్టం కూడా లేదు.

అందుకని సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు తీసుకుని ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయండి. గోంగూర, రైలుగేటు, పిచ్చుక, తాటాకు, అలాంటివి. ఇవే పెట్టకండి, మీవి మీరు ఎంచుకోండి. మొత్తం 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. దీర్ఘానికి ఒక 'ఏ' రాశామా రెండు రాశామా అన్నది మర్చిపోతాం, కాబట్టి ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. బీరువాలోని కాగితాన్ని వీధిలోంచి ఎవరూ చదవలేరు.

సెక్యూరిటీ రకం అడిగిన చోట డబ్ల్యూపీఏ3, డబ్ల్యూపీఏ2 కలిసి ఉన్న ఆప్షన్ ఎంచుకోండి. డబ్ల్యూఈపీ అనే మరీ పాత పద్ధతి కనిపిస్తే దాని జోలికి వెళ్లకండి, 2001లోనే దాని లోపం బయటపడింది. డబ్ల్యూపీఎస్ అనే, పాస్‌వర్డు కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే సదుపాయాన్ని ఆపెయ్యండి. దాని పిన్ ఎనిమిది అంకెలైనా, రూటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతా అంకెల నుంచి లెక్కతో వచ్చేదే. అందువల్ల 11,000 ప్రయత్నాలలోపే దొరికిపోతుందని 2011లో తేల్చారు. రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రూటర్ సెట్టింగ్స్ మార్చే వీలు) కూడా ఆపెయ్యండి. వైఫై పేరులో ఇంటి పేరు, డోర్ నంబరు వద్దు.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఆటోమేటిక్‌గా పెట్టండి. 2017లో డబ్ల్యూపీఏ2లోనే క్రాక్ అనే లోపం దొరికింది. అప్‌డేట్ అందుకున్న ఫోన్లు, రూటర్లు బయటపడ్డాయి, కంపెనీలు వదిలేసిన పాతవి అలాగే ఉండిపోయాయి.

నెల్లూరు, కెమెరాల పని

అక్కా, నేను కెమెరాలు బిగించే పని చేస్తా. మీ కెమెరా సంగతి చదివాక ఆగలేక రాస్తున్నా. వైఫై మార్చడానికి ముందే ఈ రాత్రికి ఒక పని చెయ్యండి. కెమెరా యాప్‌లోకి వెళ్లి షేరింగ్ లేదా "షేర్డ్ యూజర్స్" అన్న చోట చూడండి. బిగించేటప్పుడు మావాళ్లు తమ ఫోన్‌తో సెట్ చేసి, తర్వాత కస్టమర్ ఫోన్‌కి షేర్ చేసి వెళ్తుంటారు. పని తొందరలో తమది తీయరు. అప్పుడు అసలు యజమాని ఖాతా వాళ్లదే అవుతుంది, మీది అతిథి ఖాతా. అలా ఉంటే మీరు వైఫై పాస్‌వర్డ్ పదిసార్లు మార్చినా లాభం లేదు, కెమెరా కొత్త వైఫైకి కలవగానే మళ్లీ వాళ్ల ఫోన్‌లో కనపడుతుంది. వాళ్ల ఖాతాలోంచి కెమెరా తీసేయించి, రీసెట్ కొట్టి, మీ ఫోన్ నంబరుతో మొదటినుంచీ సెట్ చేసుకోవాలి. బిగించినతను దగ్గరుండి తీసేయాల్సిన బాధ్యత ఉంది, పిలిచి చేయించుకోండి, మొహమాటపడొద్దు.

రెండోది, డీవీఆర్ (కెమెరా వీడియోలు రికార్డు చేసే పెట్టె) ఉంటే దాని అడ్మిన్ పాస్‌వర్డ్. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాలు, డీవీఆర్లు, రూటర్లలోకి చొరబడింది. అది వాడిన ఉపాయమల్లా కంపెనీ పెట్టి ఇచ్చిన పాస్‌వర్డులు ఓ అరవై దాకా వరసగా వేసి చూడటమే. ఆ పరికరాలన్నీ కలిపి అక్టోబరులో చేసిన దాడికి అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లే ఆగిపోయాయి. బయటినుంచి చూడటానికి అని పోర్ట్ ఫార్వర్డింగ్ (ఇంటర్నెట్ నుంచి నేరుగా కెమెరాకి తెరిచిన దారి) పెట్టి ఉంటే తీసేయండి. రూటర్‌లో యూపీఎన్‌పీ కూడా ఆపండి, అది ఆన్‌లో ఉంటే కెమెరాయే తనకు తాను దారి తెరుచుకుంటుంది.

కొత్తవి కొనేటప్పుడు తక్కువ ధరకి వచ్చిందని పేరు తెలియనివి తీసుకోకండి. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు. ఆ సర్టిఫికెట్ ఉందా అని షాపులో అడగండి. పడకగది వైపు, హాల్లోకి మాత్రం తిరిగే కెమెరాలు పెట్టొద్దక్కా. నేను కస్టమర్లు అడిగినా వద్దనే చెప్తా.

గుంటూరు, అద్దె ఇల్లు

అద్దెకున్నవాళ్ల వైపు నుంచి ఒక మాట చెప్పాలనుంది. ఓనర్ గారి వైఫై వాడుకుంటే నెలకి నాలుగైదు వందలు మిగులుతాయి, నిజమే. కానీ మేము ఏ సైట్లకు వెళ్తున్నామో ఆ రూటర్ చూసుకునేవాళ్లకు తెలిసే వీలుంది. లోపల ఏం చదివామో, బ్యాంకు యాప్‌లో ఏం కొట్టామో కనపడదు గానీ సైట్ల పేర్లు తెలుస్తాయి. నాకు అది నచ్చక సొంత కనెక్షన్ తీసుకున్నాను.

ఓనర్లకు కూడా ఇది మంచిది కాదు. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబయిలో ఒకరి ఇంటి వైఫై నుంచి వెళ్లింది. ఆ ఇంట్లో ఉన్న అమెరికన్‌కి దాంతో సంబంధం లేదు, వైఫై భద్రంగా లేకపోవడమే కారణం. అయినా పోలీసులు ముందు వచ్చింది ఆయన ఇంటికే. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే మొదటి ప్రశ్న వాళ్లకే. మీ మావయ్య గారికి ఈ విషయం మెల్లగా చెప్పండి, తప్పకుండా అర్థం చేసుకుంటారు.

భీమవరం కోడలు

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవి చాలావరకు చేశాం.

నెల్లూరు తమ్ముడూ, నువ్వు చెప్పిందే నిజమైంది. కెమెరా యజమాని ఖాతా మాది కాదు, బిగించినతనిది. పిలిచాను, వచ్చి నా ఎదురుగానే తీసేశాడు. తన ఫోన్‌తో వాళ్ల పిల్లలు ఆడుకుంటూ తిప్పి ఉంటారని అన్నాడు. అది నమ్మాలో లేదో నాకు తెలియదు. ఆ కిటికీ వైపు ఇంక తిరగడానికి వీల్లేకుండా కెమెరా మార్చి, గోడకి అవతలి పక్కన కదలనిది బిగించాం. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

బాక్సు లాగిన్ అడగ్గా అడగ్గా ఇచ్చారు. తెరిచి చూస్తే ఇరవైకి పైగా పరికరాలు కలిసి ఉన్నాయి, వాటిలో మావి తొమ్మిదే. మా వారు కొత్త రూటర్ తెచ్చారు. ఇంటికొకటి, గెస్ట్‌కొకటి పెట్టాం. గెస్ట్‌ది క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి హాల్లో క్యాలెండర్ పక్కన అంటించాను. మావయ్య గారు ఇప్పుడు నంబరు చెప్పక్కర్లేకుండా "అదిగో, ఆ కాగితం స్కాన్ చేసుకోండి" అంటున్నారు. ఆయనకి చాలా నచ్చింది. గుంటూరు వారు రాసినది చదివి వినిపించాను. ఆయనే మేడ మీదకి వెళ్లి మాట్లాడి వచ్చారు. ఒక కుటుంబం సొంత కనెక్షన్ పెట్టించుకుంది, రెండోవాళ్లు నెలాఖరు వరకు ఆగమన్నారు.

ఇంకా రెండు మిగిలాయి. వెనక గదిలో సిగ్నల్ అలాగే ఉంది. షాపతను ఎక్స్‌టెండర్ పెట్టుకోమంటున్నాడు. ఇంకోటి, మా పాత ప్రింటర్ కొత్త వైఫైకి కలవడం లేదు.

వరంగల్, కాలేజీ ల్యాబు

సంతోషం అమ్మా, మావయ్య గారికి నా నమస్కారాలు చెప్పండి.

ప్రింటర్ పాతది కాబట్టి 2.4 గిగాహెర్ట్జ్ మీదే పని చేస్తుంది, డబ్ల్యూపీఏ3 కూడా దానికి తెలియకపోవచ్చు. దాని ఒక్కదాని కోసం ఇంటి నెట్‌వర్క్ సెక్యూరిటీ తగ్గించకండి. యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టుకోండి, లేదా లాన్ పోర్టు ఉంటే వైరుతో రూటర్‌కి కలపండి.

సిగ్నల్ విషయం కాస్త ఓపిగ్గా చూడాలి. మన పాత ఇళ్లలో తొమ్మిది అంగుళాల గోడలు, పైన ఇనప చువ్వల స్లాబు. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గానీ అలాంటి గోడలు రెండు దాటేసరికి నీరసిస్తుంది. 2.4 ఇంకాస్త దూరం పోతుంది గానీ చుట్టుపక్కల ఇళ్లన్నీ దాని మీదే ఉంటాయి. అందులో ఒకదానితో ఒకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 చానెళ్లే. ఫోన్‌లో వైఫై అనలైజర్ వేసుకుని, మీ వీధిలో వాటిలో ఏది ఖాళీగా ఉందో చూసి అది పెట్టండి, చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి ఉంచండి. ముందుగా రూటర్‌ని టీవీ స్టాండ్ వెనక నుంచి తీసి, ఇంటి మధ్యలో, తల ఎత్తుకన్నా పైన గోడకి బిగించండి. ఫ్రిజ్, బీరువా, పెద్ద అద్దం దగ్గర వద్దు. ఈ ఒక్క మార్పుకే తేడా తెలుస్తుంది.

అప్పటికీ చాలకపోతే ఎక్స్‌టెండర్ కొనకండి. మామూలు ఎక్స్‌టెండర్ అదే రేడియో మీద విని, అదే రేడియో మీద మళ్లీ చెప్పాలి, స్పీడు దాదాపు సగానికి పడిపోతుంది. మీరు మీటింగుల్లో కూర్చునే మనిషి, మీకు వైరే సరైనది. హాలు నుంచి వెనక గదికి ఒక క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్ లాగించండి, 100 మీటర్ల దాకా బాగా పని చేస్తుంది. కరెంటు వైర్ల పైపులోంచే లాగుతానంటే ఒప్పుకోకండి, వేరే కేసింగ్ వేయించండి. ఆ చివర ల్యాప్‌టాప్‌కి నేరుగా పెట్టుకోవచ్చు. వైఫై కూడా కావాలంటే అక్కడ ఇంకో చిన్న రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైరు మీద వచ్చిన నెట్‌ని వైఫైగా పంచడం మాత్రమే చేసే పద్ధతి) పెట్టి, అదే పేరు, అదే పాస్‌వర్డు ఇవ్వండి. దాని అడ్మిన్ పాస్‌వర్డు కూడా మార్చడం మర్చిపోవద్దు.

మీరు అడగలేదు గానీ, కరెంటు పోయినప్పుడు మీటింగ్ తెగకుండా ఉండాలంటే ఫైబర్ బాక్సుకీ రూటర్‌కీ రెండింటికీ బ్యాకప్ ఉండాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే రెండు అడాప్టర్లనీ ఆ లైను సాకెట్‌లోకి మార్చించండి. లేకపోతే రూటర్ల కోసమే వచ్చే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనేముందు మీ అడాప్టర్ల మీద వోల్టులు, ఆంపియర్లు చదివి చూసుకోండి, చాలావాటికి 12 వోల్టులు ఉంటుంది, కొన్నిటికి 9.

గోడకి బిగించేటప్పుడు ఒకటి గమనించండి. రూటర్ వెనక చిన్న రంధ్రంలో రీసెట్ బటన్ ఉంటుంది. పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మీరు పెట్టినవన్నీ పోయి మళ్లీ స్టిక్కర్ మీది పాస్‌వర్డులకే వస్తుంది. పిల్లలకు, వచ్చేపోయేవాళ్లకు అందనంత ఎత్తులో పెట్టించండి. సెట్టింగ్స్ పేజీలో బ్యాకప్ అని ఉంటుంది, ఆ ఫైలు ఒకటి తీసి మీ వారి కంప్యూటర్‌లో ఉంచండి, రేపు ఎవరైనా రీసెట్ కొట్టినా ఐదు నిమిషాల్లో మళ్లీ అన్నీ వచ్చేస్తాయి.